బోల్తా పడటం నేర్చుకున్నాకే కయాక్ ఆనందం

ప్రశ్న: నా వయసు 44 ఏళ్లు. ఏడాది కిందట సెలవులకు వెళ్లినప్పుడు, కొండల చాటున ఉన్న ఒక చిన్న అఖాతంలో గంటసేపు కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) నడిపాను. మనసు అంత నెమ్మదించిన గంట నాకు మరొకటి గుర్తు లేదు. ఆ అనుభవం మళ్లీ కావాలనిపించి, ఆరు నెలల తర్వాత వేరే తీరంలో స్నేహితురాలితో కలిసి కయాక్‌లు అద్దెకు తీసుకుని బయలుదేరాను. వెళ్లేటప్పుడు హాయిగానే సాగింది కానీ, తిరిగి వచ్చేటప్పుడు ఎంత తెడ్డు వేసినా ఒడ్డు దగ్గర పడలేదు. పడవ ఎప్పుడు బోల్తా పడుతుందోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చాను. కుడి మణికట్టు వారం రోజులు నొప్పి పెట్టింది. నాకు ఈత కొద్దిగా మాత్రమే వచ్చు. ఇది నాలాంటి వారికి తగిన వ్యాపకమేనా? దీన్ని ఇష్టపడేవారు అసలు ఎలా అలవాటు పడతారు? మా వారు సొంత కయాక్ కొనిస్తామంటున్నారు, తీసుకోమంటారా?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ రెండు అనుభవాలనూ పక్కపక్కన పెట్టి చదివితే, రెండో రోజు మీకు కరవైంది శక్తి కాదని, గాలి ఎటు వీస్తోందో చెప్పేవారని నాకు అనిపించింది. వెళ్లేటప్పుడు హాయిగా ఉండి, వచ్చేటప్పుడు దుర్భరమైందంటే, ఆ రోజు గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తూ ఉండి ఉంటుంది. కొత్తవారిని ఇంతగా మోసం చేసే గాలి మరొకటి లేదు. ఒడ్డున నిలబడి చూసేవారికి నీరు నున్నగా, తేటగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ కొండలో చెట్లో కట్టడాలో గాలిని అడ్డుకుంటూ ఉంటాయి, పైగా అలలు పైకి లేవడానికి కావలసినంత నిడివి ఇంకా ఆ గాలికి దొరకదు. కొన్ని వందల మీటర్లు దాటేసరికి ఆ చాటు పోతుంది. అప్పుడు కూడా వీపును తోస్తున్న గాలి మనకు తెలియదు, పడవ చురుగ్గా సాగుతుంటే అది మన చేతి చలవేనని మురిసిపోతాం. వెనక్కు తిరిగిన క్షణాన అసలు సంగతి బయటపడుతుంది. నిలకడగా తెడ్డు వేసే మనిషి నిశ్చలమైన నీటిలో గంటకు 5 కిలోమీటర్ల దాకా వెళ్లగలిగితే, గట్టి ఎదురుగాలిలో ఆ వేగం సగానికి పడిపోవడం మామూలే. తీరాల్లో అద్దెకు ఇచ్చే పొట్టి, వెడల్పాటి కయాక్‌లకు గాలి మరింతగా తగులుతుంది. కాబట్టి ఆ రోజు మీరు ఒడ్డుకు చేరడమే మీ ఓపికకు తార్కాణం. ఆ సంఘటనను ఆధారం చేసుకుని ఇది నాకు తగదన్న తీర్పుకు మాత్రం రావద్దని కోరుతున్నాను.

ఇక మొదటి రోజు గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే మీరు వెతుక్కుంటున్నది దాన్నే. కయాక్‌లో మనం నీటి మట్టానికి దాదాపు సమానంగా కూర్చుంటాం. కన్ను నీటికి 80 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది, దిగంతం 3 కిలోమీటర్లకు కాస్త పైచిలుకు దూరంలోకి వచ్చేస్తుంది. ఓడ మీద నుంచి చూస్తే సముద్రం ఒక దృశ్యం. కయాక్‌లో కూర్చున్నవారికి మాత్రం అది మోచేతి దగ్గర ఉంటుంది. ఇంజిన్ మోత లేదు, కుదుపు లేదు, నీటిలో తెడ్డు మునిగిన చప్పుడూ దాని కొస నుంచి రాలే చుక్కల చప్పుడూ తప్ప మరేమీ వినిపించదు. మోకాలి లోతు నీటిలో కూడా సాగిపోగలదు కనుక, పెద్ద పడవలు పోలేని రాతి సందుల్లోకీ గుహల్లోకీ అది మనల్ని తీసుకుపోతుంది. మరొక సంగతి ఏమిటంటే, మీ పాదాలు, మోకాళ్లు, నడుము అన్నీ పడవకు తగిలి ఉంటాయి కాబట్టి మీరు కొద్దిగా ఒరిగితే పడవ కూడా ఒరుగుతుంది. అనుభవజ్ఞులు కయాక్‌లో కూర్చోవడం అనరు, దాన్ని తొడుక్కోవడం అంటారు.

ఆ మాటకు మూలం చాలా పాతది. ఉత్తర ధ్రువ ప్రాంతపు తీరాల్లో నివసించే ఇన్యూట్, యూపిక్, అల్యూట్ ప్రజలు వేల ఏళ్ల కిందటే ఈ పడవను రూపొందించుకున్నారు. సముద్రం కొట్టుకొచ్చిన దుంగలను, ఎముకలను కట్టి చట్రం చేసి, సీల్ వంటి సముద్ర జంతువుల చర్మాన్ని దాని మీద బిగించి కుట్టేవారు. చేసుకునే మనిషి బారలు, జానలు, బెత్తెలే దానికి కొలతలు. ఒకరి కయాక్ మరొకరికి సరిగ్గా పట్టేది కాదు. వేటకు వెళ్లి ఒంటరిగా బోల్తా పడితే ఆ చల్లటి నీటిలో ఈదుకుంటూ బతికే అవకాశం లేదు కనుక, పడవలోంచి బయటికి రాకుండానే తెడ్డుతో తిరిగి పైకి లేచే పద్ధతులను వారు డజన్ల కొద్దీ కనిపెట్టారు. నేడు ప్రపంచమంతటా శిక్షకులు నేర్పే రోల్ అక్కడి నుంచి వచ్చిందే.

వేటగాడి పడవ విహారానికి మళ్లిన కథలో కూడా మీ ప్రశ్నకు కొంత జవాబు ఉంది. 1865లో జాన్ మెక్‌గ్రెగర్ అనే స్కాటిష్ న్యాయవాది, కయాక్‌ను తలపించే ‘రాబ్ రాయ్’ అనే చిన్న చెక్క పడవలో యూరప్ నదుల మీదా సరస్సుల మీదా తిరిగి వచ్చాడు. ఆ ప్రయాణం గురించి చదివినవారిలో ఎందరికో అటువంటి పడవ కావాలనిపించింది. 1905లో ఆల్ఫ్రెడ్ హాయ్‌రిష్ అనే జర్మన్ విద్యార్థి మడిచి సంచుల్లో పెట్టుకోగల కయాక్‌ను తయారుచేశాడు. 1907లో యోహాన్ క్లెప్పర్ అనే దర్జీ ఆ హక్కులు కొని తయారీ మొదలుపెట్టాడు. పడవ రైలు ఎక్కింది, పట్నవాసులు వారాంతాల్లో నీటి దగ్గరకు వెళ్లసాగారు. తర్వాత ఫైబర్‌గ్లాస్, ఆ తర్వాత అచ్చుపోసిన ప్లాస్టిక్ వచ్చి దాన్ని మరింత అందుబాటులోకి తెచ్చాయి. మోయడానికి వీలై, చేతికి అందేంత దూరంలో ఉన్నప్పుడే జనం దానిలో కూర్చున్నారు, కూర్చున్నాకే ఇష్టపడ్డారు. సముద్ర కయాకింగ్ చేయాలని ముందే నిర్ణయించుకుని వచ్చినవారిని నేను చాలా తక్కువగా చూశాను. సెలవుల్లో ఒక గంట సరదాగా కూర్చున్నవారు, నడక మోకాళ్లకు భారమై వేరే దారి వెతుక్కున్నవారు, పక్షుల కోసం వచ్చి పడవను ఇష్టపడినవారు, స్నేహితులు లాక్కొస్తే అయిష్టంగా వచ్చినవారు, వీరే ఎక్కువ. మీరూ ఆ దారినే వచ్చారు.

వచ్చినవారిలో చాలామంది ఎక్కడ ఆగిపోతారన్నది దీనికన్నా ముఖ్యమైన విషయం. సరిగ్గా మీరు ఇప్పుడు ఉన్న చోటే, అంటే మొదటి భయం తర్వాత ఆగిపోతారు. కొనసాగినవారు పుట్టుకతో ధైర్యవంతులేమీ కారు. నేను గమనించినంతలో, వారిలో దాదాపు అందరూ తొలి రోజుల్లోనే, తెలిసినవారి సమక్షంలో, కావాలని బోల్తా పడి తిరిగి పడవ ఎక్కడం నేర్చుకున్నారు. ఈ ఒక్క మాటా మీరు గట్టిగా పట్టుకుంటే, ఈ ఉత్తరంలో తక్కినదంతా మరిచిపోయినా నాకు విచారం లేదు.

నా సంగతే చెబుతాను. కయాక్ మొదలుపెట్టిన తొలి ఏడాదంతా నేను ఒక్కసారి కూడా పడలేదు, అది నా నేర్పేనని అనుకునేవాడిని. నిజానికి, పడకుండా ఉండటానికే నా శక్తి అంతా ఖర్చయ్యేది. భుజాలు బిగుసుకుని ఉండేవి, చూపు పడవ ముక్కు మీద నుంచి కదిలేది కాదు, చిన్న అల పక్క నుంచి వస్తే ఊపిరి బిగబట్టేవాడిని, ఇంటికి వచ్చాక ఏ పక్షిని చూశావని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఒక పెద్దావిడ శిక్షణ ఇస్తూ నన్ను గమనించి, నడుము లోతు నీటిలో ఒక ఉదయమంతా పదిసార్లు బోల్తా కొట్టించారు. మొదటి రెండు సార్లు గుండె నోట్లోకి వచ్చింది. ఏడోసారికి నీటి అడుగున కళ్లు తెరిచి చూశాను. మర్నాడు సముద్రంలోకి వెళ్తే, తెడ్డును నేను రెండు వేళ్లతో పట్టుకున్నంత వదులుగా పట్టుకుని ఉన్నట్లు నాకే ఆశ్చర్యంగా తెలిసింది. అలలు నా నడుము కిందుగా వచ్చి వెళ్లిపోతున్నాయి, నా తల మాత్రం నిటారుగా ఉండిపోయింది. బిగుసుకున్న నడుమే పడవను పడేస్తుందని, నడుము వదులుగా ఉంటే పడవ తన పని తాను చేసుకుంటుందని ఆ రోజు నా ఒంటికి తెలిసింది.

అభ్యాసం ఎలా ఉంటుందో ముందే తెలిస్తే సగం భయం తీరుతుంది కనుక కాస్త వివరంగా రాస్తాను. ఈత కొలనులో గానీ, గాలి లేని రోజున నడుము లోతు నీటిలో గానీ, శిక్షకులు పక్కన నిలబడి ఉండగా చేయాలి. కూర్చున్న చోటు చుట్టూ నీరు రాకుండా కప్పి ఉంచే స్ప్రే డెక్ అనే పావడా వంటి దానికి ముందువైపు ఒక పట్టీ ఉంటుంది. బయలుదేరే ముందు అది లోపలికి మడతపడకుండా బయటే ఉందని ప్రతిసారీ చూసుకోవడం ప్రాణంతో సమానమైన అలవాటు. తలకిందులైన తర్వాత ముందుకు వంగి, ఆ పట్టీని ముందుకు తోస్తూ లాగితే కప్పు ఊడివస్తుంది. తర్వాత రెండు అరచేతులనూ నడుము పక్కన పడవ అంచు మీద ఆనించి, బిగుతుగా ఉన్న ప్యాంటులోంచి కాళ్లు లాక్కున్నట్లుగా బయటికి జారాలి. మొత్తం కొన్ని సెకన్ల పని. లోపల ఇరుక్కుపోతామేమోనన్నది అందరికీ ఉండే భయమే కానీ, తలకిందులైన కయాక్‌లోంచి శరీరం తన బరువుకే జారిపోతుందని ఒక్కసారి చేసి చూస్తే తెలుస్తుంది. స్ప్రే డెక్ లేకుండా ముందు నాలుగైదు సార్లు చేసి, ఆ తర్వాత దానితో చేయడం మంచిది.

బయటికి వచ్చాక పడవను వదలకూడదు. మీకన్నా అదే పెద్దది, వెతికేవారికి అదే కనిపిస్తుంది, నీరు చొరని గదులు ఉంటే అది మునగదు. తోడు వచ్చినవారు మీ కయాక్ ముందుకొనను తమ పడవ మీదికి అడ్డంగా లాగి, నీరు ఒంపేసి, దాన్ని సరిగా తిప్పి, తమ పడవకు ఆనించి గట్టిగా పట్టుకుంటారు. మీరు వెనక భాగం మీద బోర్లా పడుకుని, కాళ్లు లోపలికి జార్చి, నెమ్మదిగా తిరిగి కూర్చుంటారు. అలవాటైన ఇద్దరికి ఇదంతా ఒకటి రెండు నిమిషాల పని. తెడ్డు కొసకు గాలి నింపిన సంచి తగిలించి ఒంటరిగా ఎక్కే పద్ధతి కూడా ఉంది, అది రెండో మెట్టు. రోల్ మూడోది, దానికి తొందర లేదు. ఏళ్ల తరబడి ఆనందంగా తిరుగుతూ రోల్ రానివారు నాకు తెలుసు. తోడు మనిషి చేత పడవ ఎక్కించుకోవడం రానివారు ఆనందంగా తిరగడం మాత్రం నేను చూడలేదు.

మీ మణికట్టు నొప్పికి మూలం కూడా ఆ భయమే అయి ఉండవచ్చు. పడిపోతామన్న భయంతో తెడ్డును పిడికిలి బిగించి పట్టుకుని, ప్రతిసారీ చేతులతోనే లాగితే మణికట్టు వాచి నొప్పి పెడుతుంది. తెడ్డు వేయడం నిజానికి మొండెంతో చేసే పని. కుడివైపు తెడ్డు వేసేటప్పుడు కుడి భుజం ముందుకు వచ్చేలా మొండెం తిరిగి, తెడ్డు పాదాల దగ్గర నీటిలో మునిగి, కుడి పాదం పడవను నెడుతూ ఉండగా మొండెం వెనక్కు తిరుగుతూ, తెడ్డు నడుము దగ్గరికి వచ్చేసరికి నీటిలోంచి బయటికి రావాలి. తెడ్డు నీటిని వెనక్కు లాగుతోందని కాక, నీటిలో పాతిన తెడ్డు దగ్గరికి పడవ జరుగుతోందని భావిస్తే ఒళ్లు దానంతట అదే సర్దుకుంటుంది. వేళ్లు తెడ్డు కర్ర చుట్టూ ఉంగరంలా వదులుగా ఉంటే చాలు. నొప్పి ఇంకా ఉంటే మాత్రం వైద్యులకు చూపించి, పూర్తిగా తగ్గాకే మళ్లీ మొదలుపెట్టండి.

భయం తగ్గిన తర్వాత రెండో ఆనందం ఒకటి మొదలవుతుంది, నాకు వ్యక్తిగతంగా అదే ఎక్కువ ఇష్టం. అది సముద్రాన్ని చదవడం. చాలా తీరాల్లో పోటుకూ ఆటుకూ మధ్య ఆరు గంటల పైన కొద్ది నిమిషాలు పడుతుంది కానీ, ఆ ఆరు గంటల్లోనూ నీరు ఒకే వేగంతో పెరగదు. స్థూలంగా చెప్పాలంటే, మొత్తం పెరుగుదలలో పన్నెండో వంతు మొదటి గంటలో, రెండు వంతులు రెండో గంటలో, మూడేసి వంతులు మూడు, నాలుగు గంటల్లో, తిరిగి రెండు, ఒకటి చివరి గంటల్లో వస్తాయి. నీరు 3.6 మీటర్లు పెరిగే చోట మొదటి గంటలో 30 సెంటీమీటర్లు పెరిగితే, మూడో గంటలో 90 సెంటీమీటర్లు పెరుగుతుందన్న మాట. ఇరుకైన జలసంధుల్లో ఆ నడిమి గంటల ప్రవాహం మనిషి తెడ్డుకు లొంగనంత వేగంగా ఉండవచ్చు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో అది ఇంకా ఎక్కువ. ఈ లెక్క చూసుకుని, వెళ్లేటప్పుడు ఆటుతో వెళ్లి, రాయి మీద కాసేపు కూర్చుని, నీరు తిరగ్గానే పోటుతో వెనక్కు తేలుతూ వచ్చిన రోజున కలిగే తృప్తి ఎంత దూరం ప్రయాణించామన్న లెక్కల్లో దొరకదు.

గాలికి సంబంధించి కొత్తవారికి రెండు నియమాలు చాలు. ఒకటి, మొదట గాలికి ఎదురుగా వెళ్లి, అలసట వచ్చే వేళకు అది వెనక నుంచి తోడుండేలా తిరిగి రావాలి. నేల మీద నుంచి వీచే గాలి రోజున తీరాన్ని ఆనుకునే తిరగాలి, లేదా ఆ రోజుకు మానుకోవాలి. రెండు, నీటి మీద అక్కడక్కడా తెల్లటి నురగ తలలు కనిపించడం మొదలైతే గాలి వేగం దాదాపు 7 నుంచి 10 నాట్ల (ఒక నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు) మధ్యకు చేరిందని అర్థం. అవి ఎటు చూసినా కనిపిస్తుంటే 11 నాట్లు దాటి ఉంటుంది, కొత్తవారు అప్పటికే ఒడ్డున ఉండాలి.

ఈత విషయానికి వస్తే, వేగంగా ఈదడం అవసరం లేదు. బట్టలతో, ఒంటి మీద తేలుడు జాకెట్‌తో, కంగారు లేకుండా 50 మీటర్లు వెళ్లగలిగి, ముఖం మీద నీరు పడితే బెదరకుండా ఉండగలిగితే శిక్షణకు సరిపోతుంది. అది లేకపోతే ముందు కొలనులో నెల రోజులు గడపండి. కయాక్‌లో సాధారణంగా వాడేది 50 న్యూటన్ల (తేల్చే బలానికి కొలత) తేలుడు జాకెట్. చేతులు ఆడించడానికి వీలుగా ఉంటుంది కానీ, స్పృహ తప్పిన మనిషిని వెల్లకిలా తిప్పి ఉంచేందుకు అది తయారు కాలేదు కనుక తోడు లేకుండా వెళ్లవద్దు. దుస్తులు గాలి వెచ్చదనాన్ని బట్టి కాక నీటి చల్లదనాన్ని బట్టి వేసుకోవాలి. ఎండ కాస్తున్నా నీరు 15 డిగ్రీల లోపు ఉంటే, పడిన మొదటి నిమిషంలో ఊపిరి అదుపు తప్పుతుంది, తర్వాత పది నిమిషాలు గడిచేసరికి వేళ్లు పట్టు కోల్పోవచ్చు. అటువంటి చోట ఒంటి వేడిని కాపాడే వెట్‌సూట్ లేదా నీటిని లోపలికి రానివ్వని డ్రైసూట్ తప్పనిసరి. ఈల, నీరు చొరని సంచిలో ఫోను, ఎక్కడికి వెళ్తున్నదీ ఎప్పటికి వచ్చేదీ ఒడ్డున ఒకరికి చెప్పడం, ఇవి మామూలే.

సొంత కయాక్ ఇప్పుడే వద్దు. మీ వారి ప్రేమకు నమస్కారం చెప్పి, ఆరు నెలలు ఆగమనండి. మీ పొడవుకు, మీ తుంటి వెడల్పుకు ఏది పడుతుందో నాలుగు రకాల్లో కూర్చుంటే గాని తెలియదు. సముద్ర ప్రయాణాలకు వాడే కయాక్ సాధారణంగా 5 మీటర్లకు అటూ ఇటూ పొడవు, 55 నుంచి 60 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. మొదట్లో అది ఊగిసలాడుతున్నట్లు అనిపించి చాలామంది వెడల్పాటిది కొనేసి, ఏడాది తిరక్కుండా విసుగుపడతారు. ఏది కొన్నా ముందూ వెనకా నీరు చొరని గదులు, చుట్టూ పట్టుకోవడానికి తాళ్లు ఉండాలి. పక్కగాలిలో కయాక్ తన ముక్కును గాలి వైపు తిప్పేసుకుంటుంది కనుక, వెనక భాగంలో నీటిలోకి దించుకునే చిన్న రెక్క గానీ చుక్కాని గానీ ఉంటే మేలు. దాని బరువు 25 కిలోల దాకా ఉండవచ్చు. పడవ బాగుండి కూడా, వాహనం మీదికి ఎత్తలేక మూలన పడేసినవారు ఉన్నారు. ఇప్పుడు ఖర్చు పెట్టాలనుకుంటే మీ ఒంటికి సరిపోయే తేలుడు జాకెట్ కొనుక్కోండి, తర్వాత తేలికైన తెడ్డు. రోజుకు కొన్ని వేల సార్లు ఎత్తి దించేది దాన్నే.

అన్నిటికంటే ముందు, రెండు రోజుల ప్రారంభ శిక్షణ ఎక్కడ దొరుకుతుందో చూసి, చేరేముందు నిర్వాహకులను ఒక ప్రశ్న అడగండి: మొదటి రోజే బోల్తా పడి తిరిగి ఎక్కడం నేర్పుతారా అని. నేర్పుతామంటే చేరండి, మీ స్నేహితురాలిని కూడా తీసుకెళ్లండి, ఆ రోజు ఆమె కూడా మీలాగే భయపడి ఉంటారు. ఇద్దరూ ఒకరినొకరు పడవ ఎక్కించుకోవడం నేర్చుకున్నాక, గాలి లేని ఒక ఉదయం, మొదటి రోజు వెళ్లిన ఆ కొండల చాటు అఖాతానికే వెళ్లిరండి. ఆ తర్వాత ఎలా ఉందో నాకు తప్పక రాయండి.